పిడుగు నిలబడే చోటు

బస్సు చక్రం కింద కోడిపిల్ల పడినా ముందు డ్రైవరు పేరే రాస్తారు. బ్రేకు పట్టలేదంటే, బ్రేకు చూసుకోకుండా బండి ఎందుకు తీశావని అడుగుతారు. చూశాను, డిపోలో చెప్పాను అంటే, చెప్పి మరీ ఎందుకు తీశావని మళ్లీ అడుగుతారు. అడగాలి కూడా. అంతమంది ప్రాణాలు వెనక సీట్లలో పెట్టుకుని తిరిగేవాళ్లను అడక్క ఇంకెవరిని అడుగుతారు? ఇన్నేళ్లూ ఆ అడిగేవాళ్లకు జవాబు చెప్పుకుంటూనే ఆవిడ బస్సు నడిపింది. డిపోలో అందరూ ఆవిడను స్టీరింగమ్మ అనేవారు. అలాంటి మనిషి కూతురు, బడి ఆవరణలో ఇనుప గోలుపోస్టు ఒరిగి మీద పడి చనిపోతే, తప్పు ఎవరిదీ కాదన్నారు. ఎవరిదీ కాదని ఊరుకున్నా బాగుండేది. తప్పు పిల్లదేనన్నారు.

"వేలాడింది, ఊగింది, మేకులు ఊడాయి, పోస్టు పడింది." ఇదీ బడివాళ్ల మాట. పోస్టును ఎప్పుడూ మేకులు కొట్టి నేలలో బిగించే ఉంచుతారట. పిల్లలు దాన్ని ముట్టుకోకూడదని గట్టి నియమం కూడా ఉందట. ప్రిన్సిపాలు అలా చెప్పాడు, డ్రిల్లు మాస్టారు తల ఊపాడు, పోలీసులు రాసుకున్నారు. ఎవరో ఒకరిని చూపించాలి కాబట్టి, పిల్లను ఆపలేదని గేటు దగ్గర కూర్చునే వాచ్‌మన్ మీద కేసు పెట్టి చేతులు దులుపుకున్నారు. పెద్ద తలకాయలు తప్పుకోవడానికి ఓ చిన్న తలకాయ దొరికింది, అంతే.

స్టీరింగమ్మకు అసలు సంగతి తెలుసు. బతికున్న రోజుల్లో కూతురే చెప్పింది. ఆ బడి ఆవరణ ఇరుకు. పొద్దున అసెంబ్లీకి పిల్లలు వరుసల్లో నిలబడాలన్నా, సాయంత్రం వ్యాన్లు మలుపు తిరగాలన్నా గోలుపోస్టు అడ్డం. మేకులు కొడితే అది కదలదు, కదలకపోతే రోజు గడవదు. అందుకని మేకులు కొట్టలేదు. దాన్ని రోజూ పక్కకు జరిపి మళ్లీ తెచ్చిపెట్టడానికి మనిషిని పెట్టడం దండగనుకున్నారు కాబోలు, పిల్లల్నే పెట్టారు. పని చేయిస్తున్నామంటే ఏ తల్లో వచ్చి నిలదీస్తుంది. అందుకే ఆ పనికి పోస్టు లీడర్ అని పేరు పెట్టి, చొక్కాకు ఎర్ర బిళ్ల తగిలించారు. ఇంకేముంది, ఆ బిళ్ల కోసం పిల్లలు నేనంటే నేనని పోటీ పడ్డారు.

నాలుగో తరగతిలో ఆ బిళ్ల పిడుగుకు దొరికింది. ఇంట్లో ఆ పిల్లను అందరూ పిడుగు అనే పిలిచేవారు, ఒక్కచోట కుదురుగా కూర్చునే రకం కాదు మరి. బిళ్ల వచ్చిన రోజు అన్నం దగ్గర కూడా చొక్కా మార్చుకోలేదు.

"ముందు ఎడమ కాలు నాదే అమ్మా. డ్రిల్లు సార్ పొట్టి ఈలలు రెండు వేస్తే మా నలుగురం పరిగెత్తాలి. నలుగురికీ నాలుగు కాళ్లు. వేరే ఎవరూ ముట్టుకోకూడదు" అంది.

ఇక ఇంట్లో కూడా అదే ఆట. నోట్లో వేళ్లు పెట్టుకుని రెండు పొట్టి ఈలలు వేసేది, నాయనమ్మ పడుకున్న మంచం కాలు పట్టుకుని నాయనమ్మతో సహా గోడదాకా లాక్కుపోయేది. "ఓసి నీ దుంప తెగ, నలుగురూ మోసుకెళ్లే రోజు నాకింకా రాలేదే" అని ఆ ముసలావిడ తిట్టేది, తిడుతూనే నవ్వేది. స్టీరింగమ్మ కూడా మురిసిపోయింది. బరువులు జరిపే పిల్లకు బలం కావాలని మర్నాటి నుంచి పొద్దున్నే ఇంకో గుడ్డు ఉడకబెట్టింది. ఆ గుడ్డు సంగతి గుర్తొస్తే ఇప్పటికీ ఆవిడకు కడుపులో నిప్పు రాజుకుంటుంది.

ఆ నిప్పుతోనే కోర్టుకెక్కింది. మేకుల్లేని పోస్టును జరుపుతుంటేనే అది నా పిల్ల మీద పడింది, వాచ్‌మన్‌తో నాకు పనిలేదు, ప్రిన్సిపాలును ముద్దాయిని చేయండని అడిగింది. చనిపోయిన పిల్ల ఇంట్లో చెప్పిన కబుర్లు సాక్ష్యం ఎలా అవుతాయని బడి తరఫు లాయరు ఎదురడిగాడు. తతిమ్మా పోస్టు లీడర్ల ఇళ్లకు వెళ్తే తలుపులు సగమే తెరుచుకున్నాయి. "మా పిల్ల ఇంకా అక్కడే చదవాలి కదండీ, ఏమీ అనుకోకండి" అన్నారు. అనుకోకుండా ఎలా ఉంటుంది, బాగానే అనుకుంది. ఆ తర్వాతి వాయిదాలో బడి లాయరు ఇంకో మెట్టు దిగాడు. "సొంత ఇంట్లోవాళ్లే పిడుగు అని పిలిచారంటే ఆ పిల్ల ఎంత అల్లరిదో కోర్టువారే గ్రహించాలి" అన్నాడు. స్టీరింగమ్మ లేవబోయింది. ఆవిడ లాయరు భుజం నొక్కి కూర్చోబెట్టాడు. చివరికి జడ్జిగారు, ఆవిడా ఆడమనిషే, తానే స్వయంగా వచ్చి చోటు చూసి ప్రిన్సిపాలు సంగతి తేలుస్తానని చెప్పింది. పోస్టును పిల్లలే జరిపేవారని అక్కడ తేలకపోతే ప్రిన్సిపాలు హాయిగా ఇంటికి పోతాడు, పిడుగు తన చావు తానే తెచ్చుకుందని కోర్టు కాగితాల్లో ఎప్పటికీ ఉండిపోతుంది.

జడ్జి వచ్చే ముందు రోజు సాయంత్రం మరిది ఇంటికొచ్చాడు. కుర్చీలో కూర్చోకుండా అటూ ఇటూ చూస్తుంటేనే స్టీరింగమ్మకు విషయం అర్థమైంది.

"వదినా, కోప్పడకుండా విను. ప్రిన్సిపాలు గారు నన్ను పిలిపించారు. డబ్బు మీరు ఎంతంటే అంత అన్నారు. గ్రౌండుకు మన పిల్ల పేరు పెడతారట, గేటు మీద పెద్ద అక్షరాలతో. ఓ కాగితం మీద సంతకం పెడితే చాలు" అన్నాడు.

"కాగితంలో ఏముంది?"

"ఏముంటుంది, ఇది ప్రమాదం, మాకు ఎవరి మీదా ఫిర్యాదు లేదు అని."

"ఇంకా?"

మరిది నేల చూపులు చూశాడు. "పిల్ల పోస్టుకు వేలాడిందని ఓ ముక్క ఉంది. అది ఊరికే, ఉండాలి కాబట్టి."

మంచం మీద నుంచి అత్తగారు లేచి కూర్చుంది. "గేటు లోపల ప్రాణం తీసి, గేటు మీద పేరు రాస్తారా? ఆ రంగేదో వాళ్ల మొహాలకే పూసుకోమను."

"అమ్మా, నువ్వు కాస్త ఊరుకో. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది."

"నా నోరు మంచిదేరా. నీ చెవులే అడ్డమైనవన్నీ మోసుకొస్తున్నాయి."

స్టీరింగమ్మ భర్తకు తాళాల షాపు ఉంది. పోగొట్టుకున్న తాళంచెవులకు మారు చేసిస్తాడు. కూతురు పోయాక ఆయన మాటలు బాగా తగ్గిపోయాయి. ఆ సాయంత్రం మాత్రం నోరు విప్పి, "మనం గెలుస్తామా?" అని అడిగాడు.

"తెలీదు. ఓడిపోతే ఓడిపోదాం. దాని చావు అదే తెచ్చుకుందని నా చేత్తో నేను సంతకం పెట్టను. మీరు పెడతారా?"

ఆయన ఇనుప రజను అంటిన తన వేళ్ల వైపు చూసుకున్నాడు. "పెట్టను" అన్నాడు. తర్వాత తమ్ముడి వైపు తిరిగి, "నువ్వు అన్నం తిని వెళ్లు" అన్నాడు.

"గోడకు తల బాదుకుంటున్నారు మీరు" అన్నాడు మరిది.

"బాదుకునే తల మాది, నీకెందుకురా నొప్పి" అంది అత్తగారు. మరిది అన్నం తిని, కాగితం జేబులోనే పెట్టుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు బడి గేటు దగ్గర లాయరు ఆవిడను పక్కకు తీసుకెళ్లాడు. "అమ్మా, ఇవాళ మీకు ఒకటే పని. నోరు తెరవకండి. మీరు ఒక్క కేక వేశారంటే, ఈవిడకు మతి స్థిమితం లేదు, ఈవిడ మాట నమ్మకండి అని వాళ్ల లాయరు రాయించేస్తాడు. మనకున్నది ఈ ఒక్క అవకాశమే" అన్నాడు. స్టీరింగమ్మ సరేనంది. భర్త ఆవిడ పక్కనే నిలబడ్డాడు. వాచ్‌మన్ గేటు తీసి తల దించుకున్నాడు.

లోపలంతా కొత్త రంగు వాసన. ఆవరణ మధ్యలో గోలుపోస్టు తెల్లగా మెరిసిపోతోంది. నాలుగు కాళ్ల దగ్గరా బొటనవేలంత లావు మేకులు దిగి ఉన్నాయి, చుట్టూ మట్టి ఇంకా తడిగానే ఉంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. కాలింది వాళ్ల చేతులు కూడా కాదు.

"ఈ మేకులు కొత్తవి మేడం" అన్నాడు స్టీరింగమ్మ లాయరు.

"పాతవి ఆ ప్రమాదంలో ఊడిపోయాయి కాబట్టి కొత్తవి వేయించాం. అందులో తప్పేముంది?" అన్నాడు బడి లాయరు. ఆయన దగ్గర అన్నింటికీ జవాబుంది.

"అంటే మొదట్నుంచీ మేకులున్నాయి, పిల్లలు దీన్ని కదిపేవారు కాదు. అంతేనా?" అని జడ్జిగారు అడిగింది.

"మొదట్నుంచీ ఉన్నాయి మేడం. పిల్లల్ని దీని దరిదాపులకు కూడా రానివ్వం" అన్నాడు ప్రిన్సిపాలు. జడ్జిగారు ఆ మాట గుమాస్తాతో రాయించి, చుట్టూ ఇంకోసారి చూసి, ఇక వెళ్దామన్నట్టు కళ్లద్దాలు తీసింది.

అప్పుడు ప్రిన్సిపాలు నోరు మూసుకుని నిలబడి ఉంటే ఆయన గండం గట్టెక్కేది. కానీ బడికి ఎవరొచ్చినా సరే, క్రమశిక్షణ చూపించకుండా పంపిస్తే ఆయనకు తిన్నది అరగదు. "మేడం, అసెంబ్లీ వేళయింది. రెండు నిమిషాలు మా పిల్లల్ని చూసి వెళ్లండి" అని డ్రిల్లు మాస్టారు వైపు చెయ్యి ఊపాడు. మాస్టారు పొడుగు ఈల వేశాడు. గదుల్లోంచి పిల్లలు చప్పుడు లేకుండా వచ్చి వరుసలు కట్టారు. కానీ ముందు వరుసలు పోస్టు దగ్గరికి రాగానే ఆగిపోయి వంకర తిరిగాయి. ఏళ్ల తరబడి రోజూ సరిగ్గా అక్కడే ఆ వరుసలు వంకర తిరిగేవి, రోజూ సరిగ్గా అప్పుడే మాస్టారు చెయ్యి ఈల మీదికి పోయేది. ఆ రోజూ పోయింది. ప్రిన్సిపాలు జడ్జి మొహం చూస్తున్నాడు, మాస్టారు వరుసలు చూస్తున్నాడు. పొట్టి ఈలలు రెండు వినపడ్డాయి.

అక్కడున్న పెద్దల్లో వాటి అర్థం ముందుగా తెలిసింది స్టీరింగమ్మకే. ఇంట్లో మంచం గోడదాకా కదిలిన చప్పుడు ఆవిడ చెవుల్లో మోగింది. తలెత్తేసరికి వరుసల్లోంచి ముగ్గురు పిల్లలు విడివడి పరిగెత్తారు. ఇద్దరు వెనక కాళ్లు పట్టుకున్నారు. ముందు పళ్లు రెండూ ఊడిన ఓ పిల్ల, తోటిపిల్లలు తొర్రి అని పిలిచే పిల్ల, ముందు కుడి కాలు పట్టుకుంది. ముందు ఎడమ కాలు దగ్గర ఎవరూ లేరు.

లాయరు ఆవిడ మోచెయ్యి పట్టుకున్నాడు. "కదలకండమ్మా. జడ్జిగారు చూస్తున్నారు. జరపనివ్వండి" అని గొణిగాడు.

ఆయన చెప్పింది సబబే. ఒక్క క్షణం ఆగితే చాలు, ఇన్నాళ్లూ ఎవరూ చెప్పని సాక్ష్యం ఆ ముగ్గురు పిల్లలూ చేతులతో చేసి చూపిస్తారు. కానీ స్టీరింగమ్మ కళ్లు తొర్రి తల మీదున్న ఇనుప కమ్మీ మీదే ఉన్నాయి. మేకులు ఆగుతాయో లేదో ఆవిడకు తెలియదు, వీళ్లు కొట్టిన మేకుల్ని ఎవరు నమ్ముతారు? చక్రానికి అడ్డంగా పిల్ల వస్తే లాభనష్టాలు చూసుకుని బ్రేకు వేసిన మనిషి కాదు ఆవిడ. సాక్ష్యం ఏట్లో కలిసిపోతే పోనీ అనుకుంది. లాయరు చెయ్యి విదిలించుకుని పరిగెత్తింది.

"వదలండి. చేతులు తీయండి. ముగ్గురూ ఇటు రండి, దాని కింద నుంచి బయటికి రండి" అని అరిచి, తొర్రిని రెక్క పట్టుకుని లాగేసింది. మిగతా ఇద్దరూ బెదిరిపోయి దూరం జరిగారు.

"చూశారుగా మేడం, ఈవిడ ప్రవర్తన రికార్డు చేయించమని కోరుతున్నాను" అన్నాడు బడి లాయరు. జడ్జిగారు చెయ్యెత్తి ఆయన్ని ఆపింది.

తొర్రి తలెత్తి స్టీరింగమ్మను చూసింది. స్నేహితురాలి అమ్మను ఆ పిల్ల ఎరుగును. "భయపడకండి ఆంటీ, ఇవాళ అది కదల్లేదు. నిన్న కదిలింది" అంది. తర్వాత డ్రిల్లు మాస్టారు వైపు తిరిగి, "సార్, ఈ మేకులు ఎప్పుడు కొట్టారు? మరి అసెంబ్లీ ఎక్కడ పెట్టుకుంటాం?" అని అడిగింది.

మాస్టారు నోట్లోంచి ఈల జారి ఛాతీ మీద పడింది. "చిన్నపిల్లలు మేడం, తెలిసీ తెలియక ఏదో..." అని ప్రిన్సిపాలు గబగబా ముందుకొచ్చాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే మనిషిని చూడాలంటే ఆ క్షణంలో ఆయన్ని చూస్తే సరిపోయేది.

జడ్జిగారు వచ్చి ఆ పిల్ల ముందు వంగింది. "నిన్న కూడా జరిపారా అమ్మా?"

"రోజూ జరుపుతాం మేడం. పిడుగు పోయాక కొన్నాళ్లు సార్‌వాళ్లే జరిపారు. తర్వాత మళ్లీ మేమే."

"ఆ కాలు దగ్గర ఎవరూ లేరేం?"

"అది పిడుగు నిలబడే చోటు మేడం. వేరేవాళ్లను నిలబెడతానని సార్ అన్నారు. మేం ఎవర్నీ నిలబడనివ్వలేదు. బరువైనా సరే ముగ్గురమే జరుపుతున్నాం."

స్టీరింగమ్మ ఏడుస్తుందనుకున్నారు అందరూ. ఏడవలేదు. కూతుర్ని మింగిన ఇనుమును, కూతురు పోయాక కూడా, కూతురి స్నేహితుల చేతే జరిపించారు. తనకు కోపం ఎంత ఉందో తనకు తెలుసనే అనుకుంది ఇన్నాళ్లూ. తెలిసింది సగమేనని ఇప్పుడు అర్థమైంది.

"మేడం, నేను ఒక్క మాట అడగాలి" అంది. లాయరు ఈసారి ఆవిడ మోచెయ్యి పట్టుకోలేదు.

"అడగండి" అంది జడ్జిగారు.

"ముందు ఆ మేకులు తీయించండి."

జడ్జిగారు తల ఊపితే డ్రిల్లు మాస్టారు వెళ్లి మేకులు పట్టుకున్నాడు. సుత్తి కూడా అవసరం లేకపోయింది. తడిమట్టిలోంచి ఒక్కొక్కటీ చేత్తోనే వచ్చేసింది. పైకమ్మీ అటూ ఇటూ ఊగి నిలబడింది.

"ఇప్పుడు వెనక కాళ్లు నేనూ మా ఆయనా పట్టుకుంటాం. ముందు కుడి కాలు మా లాయరు గారు పట్టుకుంటారు. ఈ ఎడమ కాలు దగ్గరికి ప్రిన్సిపాలు గారిని రమ్మనండి. నలుగురం కలిసి పక్కకు జరుపుదాం. మా పిల్ల రోజూ చేసిన పనే, కొత్తదేం కాదు."

స్టీరింగమ్మ భర్త అప్పటికే వెళ్లి వెనక కాలు పట్టుకుని నిలబడ్డాడు.

"మేడం, ఇదేం పద్ధతి?" అన్నాడు బడి లాయరు.

"బలవంతం ఏమీ లేదు. ప్రిన్సిపాలు గారి ఇష్టం" అని జడ్జిగారు ఆయన వైపు తిరిగింది. "మీరు నిలబడతారా?"

ప్రిన్సిపాలు తలెత్తి కమ్మీని చూశాడు. ఖాళీగా ఉన్న ఆ చోటును చూశాడు. వరుసల్లోని పిల్లలందరూ ఆయన్నే చూస్తున్నారు. ఆయన ఓ అడుగు వెనక్కి వేశాడు.

"నాకు నడుం నొప్పి మేడం" అన్నాడు.

"రాసుకోండి మేడం" అంది స్టీరింగమ్మ. "నిలబడలేదని రాసుకోండి."

జడ్జిగారు గుమాస్తాకు చెప్పింది, గుమాస్తా రాసుకున్నాడు. ఆ సాయంత్రమే తొర్రి వాళ్లమ్మ స్టీరింగమ్మ ఇంటికి తానే నడిచి వచ్చింది. తన పిల్ల చేయి పట్టుకుని, కోర్టులో ఎక్కడ చెప్పమంటే అక్కడ చెప్పిస్తానంది. మిగతా ఇద్దరి ఇళ్లలోనూ తలుపులు పూర్తిగా తెరుచుకున్నాయి. కోర్టు ప్రిన్సిపాలునూ డ్రిల్లు మాస్టారునూ ముద్దాయిలుగా చేర్చి, వాచ్‌మన్ పేరు కొట్టేసింది.

కేసు ఇంకా చాలా దూరం నడవాలి, లాయరు ముందే చెప్పాడు. ప్రిన్సిపాలు ముద్దాయి అయ్యాక మొదటి వాయిదా రోజు అత్తగారు నేనూ వస్తానని పట్టుబట్టింది. కోర్టంటే ఎలా ఉంటుందో ఆవిడ ఎన్నడూ చూసి ఎరగదు. కోడలి చెయ్యి పట్టుకుని బెంచీ మీద కూర్చుని, బోనులోకి ఎక్కుతున్న ప్రిన్సిపాలును కళ్లు చికిలించి చూసింది. ఆయన నడుం మీద చెయ్యి వేసుకుని, కూర్చోవడానికి కుర్చీ ఇప్పించమని మెల్లిగా అడుగుతున్నాడు.

"మా పిల్ల చోట్లో నిలబడమంటే నిలబడలేదుగా" అంది అత్తగారు. "ఇక్కడ నిలబడనీ."

గట్టిగా మాట్లాడకూడదమ్మా అని లాయరు వెనక్కి తిరిగి సైగ చేశాడు. లాయరుకు సరిగ్గా వినపడలేదేమో అనుకుని ఆవిడ మళ్లీ అంది, ఈసారి బోను దాకా వినపడేలా.